చిన్న ఆర్‌సీ (రిమోట్) బండికి ఏ ఛాసిస్ (అడుగు చట్రం) మేలు? ఇంట్లో టైల్స్, కింద సెల్లార్

మియాపూర్_నాన్న
అందరికీ నమస్తే. ఆర్‌సీ కారు కొనాలి. పేరుకు మా పాప కోసం (తొమ్మిదేళ్లు), అసలు సంగతి మీ అందరికీ తెలిసిందే. నడిపే చోట్లు రెండే: ఇంట్లో హాలు, అపార్ట్‌మెంటు సెల్లార్. చదివేకొద్దీ అయోమయం ఎక్కువవుతోంది. క్యోషో కంపెనీ మినీ-జీలో వెనక చక్రాలతో నడిచే ఎంఆర్-03, నాలుగు చక్రాల ఎంఏ-020 ఉన్నాయి. డబ్ల్యూఎల్‌టాయ్స్ కె989 లాంటి చవక 1/28 (అసలు కారులో 28వ వంతు సైజు) బండ్లు ఉన్నాయి. అదే కంపెనీది 144001 బగ్గీ ఉంది. ఇవేవీ వద్దు, టామియా ఎం-ఛాసిస్ కొనుక్కో అని ఆఫీసులో ఒకాయన. నాకు కావలసింది చెప్పిన మాట వినే బండి, గోడకు కొట్టినా బతికే బండి. స్పీడు ఎంతన్నది అక్కర్లేదు. వాడినవాళ్లు చెప్పండి.

సెల్లార్_సింహం
అన్నా, ఛాసిస్ సంగతి తర్వాత. హాల్లో నేల ఏంటి? విట్రిఫైడ్ టైలా, గ్రానైటా, కార్పెట్ ఏమైనా ఉందా? అది తెలియకుండా ఎవరు ఏ మోడల్ చెప్పినా దండగే. ఎంఆర్-03 కార్పెట్ మీద ఎంత బుద్ధిగా పోతుందో, మెరిసే టైల్ మీద అంత తిక్కగా ఉంటుంది. ట్రిగ్గర్ (రిమోట్ మీద స్పీడు మీట) కాస్త గట్టిగా లాగితే చాలు, తోక ముందుకొచ్చేస్తుంది. అందులో ఛాసిస్ తప్పేమీ లేదు. తోసేది వెనక చక్రాలు, వాటికి పట్టు దొరకడంలేదు, అంతే.

సెల్లార్‌ది ఇంకో కథ. సిమెంటు ఫ్లోర్ మీద కంటికి ఆనని దుమ్ము ఉంటుంది. కాసేపటికే టైర్లకు టాల్కం పౌడర్ రాసినట్టు పట్టేస్తుంది. మధ్యమధ్యలో ఆపి తడిగుడ్డతో టైర్లు తుడిస్తే పట్టు మళ్లీ వస్తుంది. పైగా 1/28 బండి కడుపు నేలకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. స్లాబ్ జాయింటు, నీళ్లు పోయే జాలీ, ఎవరి కారు టైరులోంచో రాలిన కంకర ముక్క, ఏది తగిలినా ఆగిపోతుంది.

మియాపూర్_నాన్న
విట్రిఫైడే అన్నా, తడి ఉంటే మనుషులే జారుతున్నారు. కార్పెట్ లేదు. పాప గదిలో మాత్రం పజిల్ ముక్కల్లా తగిలించే ఫోమ్ మ్యాట్లు వేశాం.

ప్లేనో_తెలుగోడు
ఇంకేం, ట్రాక్ ఇంట్లోనే ఉంది! నేను ఇక్కడ డాలస్ పక్కన క్లబ్బులో మినీ-జీ నడుపుతుంటాను. మా ట్రాక్ కూడా ఒకదానికొకటి తగిలించే ఫోమ్ టైల్సే. మినీ-జీ 1999లో వచ్చింది. ఇన్నేళ్లలో మోడళ్లు మారాయి గానీ వెనక చక్రాల బండిలో అసలు సూత్రం మారలేదు, కాబట్టి అది కాస్త వివరంగా చెప్తాను.

ఎంఆర్-03 వెనక భాగంలో మోటారు, గేర్లు, ఇరుసు కలిపి ఒక చిన్న డబ్బాలా ఉంటాయి. ఆ డబ్బాని ముందు ఛాసిస్‌తో కలిపేది ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉండే పలచటి ప్లేటు. టీ-ప్లేట్ అంటాం. వెనక సస్పెన్షన్ అంటే ప్రధానంగా అదే. మలుపులో ఆ ప్లేటు మెలి తిరిగి రెండు వెనక చక్రాల్నీ నేలకు ఆనించి ఉంచుతుంది. మెత్తటి ప్లేటు వేస్తే వెనక పట్టు పెరుగుతుంది, బండి కొంచెం బద్ధకిస్తుంది. గట్టి ప్లేటు, ముఖ్యంగా కార్బన్‌ది వేస్తే చెప్పగానే తిరుగుతుంది గానీ ఎగుడుదిగుడు నేల మీద గెంతుతుంది. గోడకు గట్టిగా గుద్దుకుంటే దెబ్బ పడేది కూడా ఆ ప్లేటు సన్నటి మెడ మీదే. అక్కడ తెల్లటి గీత కనబడిందంటే ప్లేటు మార్చే రోజు వచ్చినట్టే. మార్చడం తేలికే, కొన్ని స్క్రూల పని.

టైర్ల మీద అంకెలుంటాయి, 20, 30, 40 అని. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన. వెనక మెత్తనిది, ముందు దానికంటే గట్టిది వేసుకుంటే తోక తిప్పడం చాలావరకు తగ్గుతుంది. ఫోమ్ మీద సమస్య తిరగబడుతుంది. పట్టు మరీ ఎక్కువై మలుపులో బండి పల్టీ కొడుతుంది. దానికి మా వాళ్లందరూ చేసేది ఒకటే: ముందు టైర్ల బయటి అంచున సూపర్ గ్లూ పలచగా ఒక వరస పూసి ఆరనివ్వడం. అంచు గట్టిపడి నేలని పట్టుకోకుండా జారుతుంది, పల్టీ ఆగుతుంది.

వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) కూడా చూసుకోండి. మినీ-జీలో 90, 94, 98, 102 మిల్లీమీటర్లని ఉంటాయి. మోటారు మౌంటు (మోటారును పట్టి ఉంచే ముక్క) మార్చి ఒకే ఛాసిస్‌ను రకరకాల పొడవుల్లో పెట్టుకోవచ్చు. పాపకైతే 98 పెట్టండి. 90 చురుగ్గా తిరుగుతుంది గానీ చిన్న చేతులకు అందదు.

ఓరుగల్లు_ఆర్‌సీ
నాది వరంగల్. చవక 1/28 గురించి నేను చెప్త. నాలుగు చక్రాల బండి, మధ్యల షాఫ్టు, నాలుగు మూలలకు స్ప్రింగు షాకులు. పెట్టెలకెళ్లి తీసినంక మొదటి పని స్క్రూలన్నీ చూసుకునుడు, కొన్ని వదులుగుంటయి. నడుపుడు మాత్రం మస్తుంటది, దుమ్ములగూడ గుంజుకపోతది. బ్యాటరీ 7.4 వోల్టులది, మినీ-జీల నాలుగు ట్రిపుల్-ఏ రీచార్జబుల్ సెల్లు కలిపితే 4.8 వోల్టులే. అందుకే జోరు ఎక్కువ, దెబ్బలు గూడ ఎక్కువ.

ఇరిగేది ఏందంటే ముందుగాల స్టీరింగు దగ్గరి ముక్కలు, తర్వాత డాగ్‌బోన్ కప్పులు (చక్రాలు తిప్పే కడ్డీల కొసలకుండే గిన్నెలు). సర్వో (స్టీరింగు తిప్పే మోటారు) పోతే ఇంకో తిప్పలు. ఇసుంటి చవక బండ్లల్ల మస్తు వాటికి సర్వో అయిదు వైర్లది. బజార్ల దొరికే మూడు వైర్ల సర్వో పెడదామంటే రిసీవరు, ఈఎస్‌సీ (మోటారు స్పీడు చూసే బోర్డు) గూడ మార్చాలె. గప్పుడు బండి ధర కంటే మరమ్మతు ధర ఎక్కువైతది. ఒక ఆన్‌లైన్ షాపోడు (పేరెందుకు తియ్) డిఫరెన్షియల్ గేర్లని (మలుపుల రెండు చక్రాలు వేర్వేరు స్పీడుల తిరిగేటట్టు చేసేవి) చెప్పి వేరే స్కేలువి పంపిండు, వాపస్ తీసుకోలే.

బెజవాడ_బగ్గీ
144001 నా దగ్గరుంది. హాలుకి మాత్రం వద్దే వద్దు. 1/14 బగ్గీ, 550 సైజు పెద్ద మోటారు, అడుగున అల్యూమినియం ప్లేటు. పెట్టె మీద గంటకు 60 కిలోమీటర్లని రాసుంటుంది. కృష్ణ ఒడ్డున ఇసక మీద, కాలేజీ గ్రౌండులో దీనికి ఎదురులేదు. సెల్లార్లో మటుకు స్తంభాల మధ్య ట్రిగ్గర్ పావు వంతు కూడా లాగలేం. అంత ఇంజను పెట్టుకుని మొదటి గేర్లో తిరిగినట్టే.

లెక్కల_మాస్టారు
గట్టిదనం గురించి అందరూ మెటీరియల్ చూస్తారు, నేను బరువు చూడమంటాను. మినీ-జీ సెల్లతో కలిపి 200 గ్రాముల లోపే. 144001 కిలోకి దగ్గర. చిన్నది 20 కి.మీ. వేగంతో, పెద్దది 60 కి.మీ. వేగంతో గోడకు కొట్టాయనుకోండి. బరువు అయిదు రెట్లు, వేగం మూడు రెట్లు, వేగానికి వర్గం కాబట్టి తొమ్మిది. మొత్తం 45 రెట్ల శక్తి. చిన్న బండి ప్లాస్టిక్ పల్చగా ఉన్నా బతికిపోయేది అందుకే. మీ పాప కాలి మడమకు తగిలినా ఇదే లెక్క, ఆలోచించండి.

టైటానియం_బాబాయ్
అయితే ప్లాస్టిక్ ముక్కలన్నీ అల్యూమినియంవి వేసేస్తే గొడవే ఉండదుగా? ఆర్ములు (చక్రాల్ని ఛాసిస్‌కు కలిపేవి), నకిల్స్ (స్టీరింగుతో పాటు తిరిగేవి), షాక్ టవరు (షాకులు తగిలించేది), అన్నీ సెట్టుగా దొరుకుతున్నాయి. చూడటానికీ బాగుంటాయి.

ఓరుగల్లు_ఆర్‌సీ
బాబాయ్, గా పని చేయకు.

ప్లేనో_తెలుగోడు
చూడటానికి బాగుంటాయి, అంతవరకే బాబాయ్. ప్లాస్టిక్ ఆర్ము దెబ్బకు వంగి మళ్లీ నిలబడుతుంది, లేదా తనే విరుగుతుంది. విరిగినా చవక ముక్క. అల్యూమినియం ఆర్ము వంగితే వంగినట్టే ఉంటుంది. వంగకపోతే దెబ్బనంతా లోపలికి పంపిస్తుంది. అప్పుడు పగిలేది ఆర్మును పట్టుకుని ఉన్న ఛాసిస్ చెవి. అది పోతే ఛాసిసే మార్చాలి. అందుకే ఒక్కో బండిలో విరగాల్సిన ముక్క ఏదో తెలుసుకుని, దాన్ని అలాగే వదిలేసి, రెండు స్పేర్లు తెచ్చిపెట్టుకోవాలి. మోటారు మౌంటు లాంటి చోట్ల లోహం ఫర్వాలేదు, వేడి కూడా లాగేస్తుంది.

టైటానియం_బాబాయ్
ఒప్పుకోను. నా బండికి ముందు నకిల్స్ లోహంవే, ఏడాదిగా దానికేం కాలేదు.

సెల్లార్_సింహం
బాబాయ్ బండి షోకేసులో ఉంటుంది, దానికేమవుతుంది 😄

టైటానియం_బాబాయ్
ఆదివారం నీ సెల్లారుకే తెస్తా, చూసుకుందాం.

కస్టమ్స్_బాధితుడు
స్పేర్లు తెచ్చిపెట్టుకోవాలి అనడం తేలిక. ఎక్కణ్ణుంచి? 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను ప్రభుత్వం ఆపేసింది. ఆ ఏడాది బడ్జెట్‌లోనే బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పోయింది, 2023లో 70 అయింది. హాబీ బండ్లు కూడా చాలాసార్లు బొమ్మల లెక్కలోకే వెళ్తాయి. ఆ పైన లైపో (లిథియం) బ్యాటరీలు విమానంలో తేవాలంటే సవాలక్ష షరతులు. కాబట్టి నా ఓటు ఎప్పుడూ ఏ ముక్క మన దేశంలో ఏదో ఒక దుకాణంలో ఈ రోజు స్టాకులో ఉందో ఆ ఛాసిస్‌కే. కొనేముందు బండి ధర కాదు, ముందు ఆర్ముల ధర, సర్వో గేర్ల ధర అడగండి. నీళ్లు నమిలితే ఆ దుకాణం వదిలెయ్యండి.

విశాఖ_మినీ
ఎం-ఛాసిస్ మాట ఎవరూ ఎత్తలేదేమండీ? ఇది 1/10లో చిన్నది అన్నమాట. వీల్‌బేస్ 210, 225, 239 మిల్లీమీటర్లు. ఎం-05 ముందు చక్రాల బండి, ఎం-06 వెనక చక్రాలది. నేను ఎం-05 మేడ మీద నడుపుతాను. ముందు చక్రాలు లాగుతాయి కాబట్టి తోక తిప్పడం తక్కువ. మలుపులో ఎక్కువ స్పీడుతో వెళ్తే తిరగనని మొండికేస్తుంది, ట్రిగ్గర్ వదిలితే ముక్కు లోపలికి తిరుగుతుంది. కొత్తవాళ్ల చేతికి ఇది తొందరగా అలవాటవుతుంది. అరిగేవి మాత్రం ముందు టైర్లే. ఛాసిస్ ప్లాస్టిక్ మందంగా ఉంటుంది, నాది మేడ పిట్టగోడను ఎన్నిసార్లు తాకిందో లెక్కలేదు.

ఇంకో సంగతి, ఇది కిట్టు. మీరే బిగించుకోవాలి. పాపతో కలిసి బిగిస్తే ఏది విరిగినా ఎలా విప్పాలో ఇద్దరికీ తెలిసే ఉంటుంది. హాల్లోకి మాత్రం పెద్దదే, సోఫా సందుల్లో తిరగదండి.

సెల్లార్_సింహం
విశాఖ అన్న మాట నిజమే, సెల్లారుకి ఎం-ఛాసిస్ భలే సైజు. కానీ వాచ్‌మెన్ ఊరుకోడు. 1/28 అయితే అసలు పట్టించుకోడు, సౌండే ఉండదు.

కార్పెట్ కావాలంటే ఒక ఉపాయం. షామియానా వాళ్ల దగ్గర ఫంక్షన్లకు పరిచే పచ్చ కార్పెట్ అద్దెకు దొరుకుతుంది. వాడి పారేసే స్థితిలో ఉన్నది అడిగితే చవకగా అమ్మేస్తారు. మేం అదే పరిచి, అంచులకు ఫోమ్ పైపులు అడ్డం పెట్టి ట్రాక్ చేసుకున్నాం. గోడకు కొట్టే సమస్య సగం అక్కడే పోయింది. కార్పెట్ దారాలు మాత్రం ఇరుసుకు చుట్టుకుంటాయి, చూసుకోవాలి.

పొడుగు_జడ
దారాలు సరే, జుట్టు గురించి చెప్పరేం? మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం. వెనక చక్రం బరువుగా తిరుగుతోందని మావారు మోటారు మార్చేద్దామన్నారు. నేను చక్రం ఊడదీసి చూస్తే బేరింగు పక్కన వెంట్రుకలు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. ట్వీజర్‌తో లాగేశాక మామూలుగా తిరిగింది. నాలుగు చక్రాల బండికి ఈ పని రెండింతలు, ముందు ఇరుసులకూ పడుతుంది కదా.

మియాపూర్_నాన్న
అందరికీ థాంక్స్. ఇంట్లో టైల్స్ కాబట్టి ఎంఏ-020 వైపు మొగ్గుతున్నాను. 144001 లెక్క చూశాక మా ఆవిడ ససేమిరా అంది. ట్రిపుల్-ఏ సెల్లు కాబట్టి లైపో చార్జింగు భయం కూడా లేదు. నాలుగు చక్రాలది అయితే టైల్ మీద తోక తిప్పకుండా పోతుందా మరి?

ప్లేనో_తెలుగోడు
వెనక చక్రాల బండి కంటే చాలా నయం, ముందు చక్రాలు లాగుతూ దారిలో పెడతాయి. జైరో (బండి అడ్డం తిరగబోతే స్టీరింగు సరిచేసేది) కూడా పెట్టుకుంటే ఇంకా తేలిక. పాప కొంచెం ఆరితేరాక గట్టి డ్రిఫ్ట్ (కావాలని జారించే) టైర్లు వేయండి, మీ టైల్సే అప్పుడు అసలైన ట్రాక్. కానీ ఇందులో డిఫరెన్షియళ్లు రెండు, మధ్యలో షాఫ్టు, ముందు కూడా జాయింట్లు. విప్పే పని ఎంఆర్-03 కంటే ఎక్కువ. విప్పేటప్పుడు కింద తెల్ల తువ్వాలు పరుచుకోండి. స్ప్రింగు ఎగిరితే టైల్స్ మీద ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి.

మియాపూర్_నాన్న
స్క్రూడ్రైవర్ ఏది కావాలి? ఇంట్లో మామూలు స్టార్‌ది ఉంది.

విశాఖ_మినీ
దాంతో విప్పకండి. జపాన్ బండ్ల స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చూడటానికి స్టార్‌లాగే ఉంటాయి గానీ మామూలు డ్రైవర్ సరిగ్గా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి స్క్రూ తల నలిపేస్తుంది. జేఐఎస్ చిన్న సైజుది విడిగా కొనుక్కోండి.

ప్లాస్టిక్‌లోకి స్క్రూ మళ్లీ బిగించేటప్పుడు ముందు ఎడమవైపు, అంటే వెనక్కి, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట టక్‌మని చిన్నగా కిందకు దిగుతుంది. పాత గాడి అదే. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే ఉన్న గాడిలోనే పోతుంది. తిన్నగా బిగించేస్తే ప్రతిసారీ కొత్త గాడి కోసుకుంటూ పోయి కొన్నాళ్లకు రంధ్రం వదులైపోతుంది. ప్లాస్టిక్‌లో థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా వేసే జిగురు) వెయ్యకండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది పగలగొడుతుంది. లోహంలోకి లోహం స్క్రూ అయితేనే అది.

మియాపూర్_నాన్న
రాసుకున్నానండీ. ఆర్ములు, సర్వో గేర్లు స్టాకు ఉన్నాయా అని ఇప్పుడే ఒక దుకాణానికి ఫోన్ చేశాను. ఆర్ములున్నాయట, గేర్లు వచ్చే వారం అన్నారు.

కస్టమ్స్_బాధితుడు
వచ్చే వారమే ఫోన్ చెయ్యండి. డబ్బులు మాత్రం గేర్లు చేతికొచ్చాకే.