కంటైనర్ టెర్మినల్ ‘కన్సెషన్’: రాయితీయా, గుత్తా, పాలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్ సభ్యుడు):
ఓడరేవుల పెట్టుబడులపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కంటైనర్ టెర్మినల్‌ను ముప్పై ఏళ్లకు ప్రైవేటు సంస్థకు అప్పగించే ‘కన్సెషన్ అగ్రిమెంట్’ను కొందరు ‘రాయితీ ఒప్పందం’ అని రాస్తున్నారు. మా దిక్కు మామిడితోటలను పట్టినట్టే ఉన్నది కనుక దీనిని ‘గుత్త’ అనవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం (నల్లగొండ సభ్యుడు):
‘రాయితీ’ని ముందుగా పక్కన పెట్టండి. ఆ మాట వినగానే బస్సు పాసూ, ఎరువుల ధరా గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ తగ్గించడం లేదు. రేవుకు ఎవరు ఎక్కువ కడతామంటే సాధారణంగా వారికే టెర్మినల్ దక్కుతుంది.

‘గుత్త’ దీనికంటే చాలా మేలు. కొల్లాపూర్ వైపు తోట పూత మీద ఉండగానే వ్యాపారి మొత్తం సొమ్ము మాట్లాడుకుంటాడు. ఆ తరువాత గాలివాన వచ్చి పిందె రాలినా, కాపు విరగకాసినా యజమానికి రావలసిన సొమ్ము మారదు. టెర్మినల్‌లోనూ నేల, నీరు రేవు సంస్థవే. క్రేన్లు, యార్డు సమకూర్చుకొని నడిపేవాడు గడువు తీరగానే అప్పగించి వెళ్లాలి. ఇంతవరకు పోలిక కుదురుతుంది. చిక్కంతా చెల్లింపు పద్ధతిలో ఉన్నది.

మన దేశంలో ఈ చెల్లింపు రెండు రకాలుగా సాగింది. 1998 నాటి తూత్తుకుడి ఒప్పందంలో ఇరవై అడుగుల కంటైనర్ (సరుకు పెట్టె) ఒక్కింటికి ఇంత అని, ఏటేటా పెరిగేలా రాయల్టీ నిర్ణయించారు. 2001లో చెన్నై టెర్మినల్‌ను ఆదాయంలో 37.128 శాతం వాటాకు, ఆ తరువాత ముంబయి దగ్గరి నవా షేవా మూడవ టెర్మినల్‌ను 35.503 శాతానికి ఇచ్చారు. ఈ రెండవ పద్ధతిని చూస్తే పంటలో భాగానికి పొలం ఇచ్చే మన ‘పాలు’ గుర్తుకు రావడం సహజమే కానీ, నేను ఆ మాట వాడను. పాలుకు ఇచ్చిన చోట ఆసామి ఎరువుల ఖర్చులోనూ తన భాగం పెట్టుకునే వాడుక మా వైపు ఉన్నది. రేవు సంస్థ మాత్రం కూలీలు, డీజిలు, బ్యాంకు వడ్డీ ఏవీ తీయకముందే, స్థూల ఆదాయం మీదనే తన వాటా తీసుకుంటుంది. పెట్టుబడి పెట్టేవారికి ఈ భేదం ప్రాణప్రదం. కాబట్టి ‘స్థూల ఆదాయంలో వాటా’ అని విడమరచి రాయడమే మంచిది.

తూత్తుకుడి వ్యవహారం మీ వ్యాసానికి పనికి వస్తుంది. పెట్టెకు కట్టవలసిన రాయల్టీ పెరుగుతూ పోయింది. వినియోగదారుల వద్ద వసూలు చేసుకునే రుసుము మాత్రం రేట్లు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండిపోయింది. నడిపే సంస్థ మధ్యవర్తిత్వానికి వెళ్లగా రాయల్టీని ఆదాయ వాటాగా మార్చాలని తీర్పు వచ్చింది. ఒక పక్షం ఒప్పుకోకుండా ఒప్పందాన్ని తిరగరాయడం తగదంటూ, ఆ తీర్పు చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. విచిత్రమేమంటే, వాటా పద్ధతిలోనూ తగాదాలు తప్పకపోవడంతో 2018లో కేంద్రం కొత్త ఒప్పందాలకు మళ్లీ టన్నుకింత, పెట్టెకింత అనే పద్ధతినే తెచ్చింది.

అభ్యంతరం (దేవరకొండ సభ్యురాలు):
అన్నగారూ, పెట్టెకింత అన్నది గుత్త ఎట్లా అవుతుంది? పెట్టెలు తగ్గితే కట్టేదీ తగ్గుతుంది కదా. తాళ్లకూ ఈతలకూ వెనుక వేసిన చెట్టు పన్ను దీనికి దగ్గర.

సమాధానం (నల్లగొండ సభ్యుడు):
బాగా పట్టుకున్నారమ్మా. గుత్త లక్షణం పెట్టెకింత చెల్లింపులో లేదు. ఏటా ఇంత సరుకు తప్పక దించుతామని ఒప్పందంలో రాసే కనీస హామీలో ఉన్నది. సరుకు రాకపోతే లోటుకు పరిహారం కట్టాలి. ఆసియాలో ఆ భయం వట్టిది కాదు. 2000లో ఓడల కంపెనీ మేర్స్క్ సింగపూర్‌ను విడిచి పక్కనే మలేసియాలోని తంజుంగ్ పెలెపాస్‌కు తరలింది, ఆ రేవులో 30 శాతం వాటా కూడా తీసుకున్నది. 2002లో మరో ఓడల కంపెనీ ఎవర్‌గ్రీన్ దాని వెంట నడిచింది. ఓడలు మార్చుకునే సరుకు, అంటే ఒక ఓడ దిగి మరో ఓడ ఎక్కి పోయేది, ఆ నేలకు కట్టుబడి ఉండదు. మిర్యాలగూడ మిల్లు బియ్యానికి దగ్గరి రేవు కావాలి, దానికి వేరే దారి తక్కువ; ఓడ మారే పెట్టెకు మాత్రం ఓడల కంపెనీ ఎటు తిరిగితే అదే దారి.

అందుకే నా సూచన ఇది: మొత్తం పత్రాన్ని ‘నిర్వహణ హక్కు ఒప్పందం’ అనండి, లోపల ‘పెట్టెకింత రాయల్టీ’, ‘ఆదాయ వాటా’, ‘కనీస సరుకు హామీ’ అని విడివిడిగా రాయండి. ‘గుత్త’ను పత్రం పేరుగా వద్దనడానికి మరొక కారణం అప్పు. నేల రేవుది కనుక నడిపేవాడు దానిని తన ఆస్తిగా తాకట్టు పెట్టలేడు; బ్యాంకులు రాబోయే రాబడిని చూసి అప్పు ఇస్తాయి, వసూళ్లను ఎస్క్రో ఖాతాలో, అంటే ముందే రాసుకున్న వరుసలోనే సొమ్ము తీయగల ప్రత్యేక ఖాతాలో, వేయిస్తాయి. వాడు చేతులెత్తేస్తే, రేవు సంస్థ సమ్మతితో మరొకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టే హక్కునూ ముందే రాయించుకుంటాయి. తోట గుత్తలో అప్పిచ్చిన సావుకారికి అటువంటి హక్కు ఉన్నట్టు నేను వినలేదు.