షాపు సినిమా అంటే కౌంటర్‌కి ఏ పక్క నుంచి తీసింది?

కోఠి కుర్రాడు:
మొన్న ఆదివారం ఇంట్లో ‘షాపింగ్ మాల్’ మళ్లీ పెట్టాను. 2010లో వసంతబాలన్ తీసిన తమిళ ‘అంగాడి తెరు’కి తెలుగు డబ్బింగ్ అది. చెన్నై టి.నగర్ రంగనాథన్ వీధిలో ఓ పెద్ద బట్టల షాపు, పల్లెల నుంచి వచ్చి అందులో పనికి కుదిరిన పిల్లలు, వాళ్లలో మహేష్, అంజలి జంట. సగం కూడా కాలేదు, మా బావమరిది రిమోట్ లాక్కుని “ఆదివారం పూట ఈ ఏడుపేంటి బావా, మాల్ సినిమానే కావాలంటే ‘బీస్ట్’ ఉందిగా” అన్నాడు. అక్కడ మొదలైన గొడవ ఇక్కడిదాకా వచ్చింది.

నా మాట ఇది. దుకాణంలో జరిగే సినిమాల్లో ‘షాపింగ్ మాల్’ని మించింది లేదు. ‘బీస్ట్’ (2022)లో ఉగ్రవాదులు మాల్‌ని పట్టుకుంటారు. మాల్ బదులు ఎయిర్‌పోర్టు పెట్టినా విజయ్ అలాగే కాలుస్తాడు. షాపు తీసేస్తే కథ కూలిపోవాలి, అప్పుడే అది షాపు సినిమా.

ఇంకో కారణం నా సొంతది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు సిటీలో ఒక చీరల షాపులో సేల్స్‌లో చేశాను. పేరెందుకులెండి. ఒక్క గిరాకీకి ముప్పై చీరలు తీసి పరుస్తాం. ఆవిడ “ఇదే ఇంకో రంగులో లేదా” అని అడిగి, అన్నీ చూసి, “మళ్లీ వస్తాం” అని లేచిపోతుంది. తప్పు ఆవిడది కాదు, ఇప్పుడు నేనూ అదే చేస్తాను. కానీ ఆ ముప్పై మళ్లీ మడత పడాలి. పైగా ఫ్లోర్ ఇన్‌చార్జికి జవాబు చెప్పుకోవాలి, గిరాకీ ఎందుకు పోయిందని. ఆషాఢం సేల్‌లో అయితే పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి పడేదాకా నిలబడే ఉండాలి. స్టూల్ ఉండేది, కూర్చుంటే జీతంలో కోత. మడతపెట్టేవాడి వైపు నుంచి షాపు ఎలా ఉంటుందో తెర మీద నేను మొదటిసారి చూసింది ఈ సినిమాలోనే.

బ్లాక్ అండ్ వైట్ బాబాయ్:
తమ్ముడూ, నీ కష్టం కాదనను. కానీ షాపు అంటే కష్టమేనా? 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ద షాప్ అరౌండ్ ద కార్నర్’ చూడు. బుడాపెస్ట్‌లో బ్యాగులు, తోలు సామాన్ల చిన్న దుకాణం. జేమ్స్ స్టువర్ట్, మార్గరెట్ సల్లవాన్ పగలంతా కౌంటర్ దగ్గర పోట్లాడుకుంటారు. పేర్లు తెలియకుండా ప్రేమలేఖలు రాసుకునేది కూడా వాళ్లిద్దరే. కథ అంతమాత్రమే అయితే నేనూ పట్టించుకోను. అందులో పిరోవిచ్ అని ఒక గుమాస్తా ఉంటాడు. ఓనరు గదిలోంచి వచ్చి “నీ అభిప్రాయం నిజాయితీగా చెప్పు” అనడం ఆలస్యం, ఆయన మెట్లెక్కి మాయమైపోతాడు. పిల్లలున్నవాడు, ఉద్యోగం పోగొట్టుకోలేడు. ఒక్క కన్నీటి చుక్క లేకుండా నువ్వు చెప్పిన ఇన్‌చార్జి భయమంతా అక్కడే ఉంది.

పాట వినిపించే సిగరెట్ పెట్టె గురించి కూడా చెప్పాలి. ఇది ఎవరూ కొనరని స్టువర్ట్ వాదిస్తుంటాడు. ఉద్యోగం అడగడానికి వచ్చిన హీరోయిన్ అక్కడికక్కడే దాన్ని మిఠాయి పెట్టె అని చెప్పి ఒకావిడకు అమ్మేస్తుంది. మూత తీసినప్పుడల్లా పాట వస్తుంది, ఇక తినడం చాలని గుర్తొస్తుందట! సుల్తాన్ బజార్‌లో ఇలాంటి సేల్స్‌మాన్‌లను బోలెడుమందిని చూశాను. లూబిచ్ ఊరికే ఊహించి తీయలేదు. బెర్లిన్‌లో వాళ్ల నాన్నది బట్టల వ్యాపారం, చిన్నప్పుడు ఈయనా అక్కడ లెక్కలు రాశాడు.

సెకండ్ షో:
మీరిద్దరూ కౌంటర్ వెనకే ఉండిపోయారు. మరి కొనేవాళ్లో? జార్జ్ రొమెరో ‘డాన్ ఆఫ్ ద డెడ్’ (1978): లోకమంతా శవాలు లేచి తిరుగుతుంటే నలుగురు మాల్‌లో దాక్కుంటారు. శవాలు కూడా అక్కడికే వస్తాయి, బతికుండగా వచ్చిన అలవాటు కొద్దీ. పిట్స్‌బర్గ్ దగ్గర మన్రోవిల్ అనే అసలు మాల్‌లోనే రాత్రిపూట, షాపులు కట్టేశాక తీశారు. నలుగురికీ మాల్ మొత్తం ఫ్రీగా దొరుకుతుంది, కొన్నాళ్లకు అదీ విసుగొస్తుంది. ఎయిర్‌పోర్టు పెడితే ఈ కథ నడవదు కాబట్టి కోఠి అన్న పరీక్షలో ఇదీ పాస్.

మే నెల మధ్యాహ్నం ఏసీ కోసం ఇనార్బిట్ మాల్‌లో ఏమీ కొనకుండా మూడు గంటలు తిరిగిన వాళ్లెవరూ ఆ శవాలను చూసి నవ్వకూడదు. నేను నవ్వను.

ట్రయల్ రూమ్:
కోఠి అన్నా, మీ పరీక్ష మీ సినిమాకే పెడతాను. (చివరి సీన్ చెప్పేస్తున్నా, చూడనివాళ్లు దాటేయండి.) రెండు గంటలు షాపు గురించి చెప్పి, ఆఖరికి లారీ తెచ్చి పేవ్‌మెంట్ మీద పడుకున్నవాళ్ల మీదికి ఎక్కించాడు దర్శకుడు. అంజలి కాళ్లు పోతాయి. షాపు చేసిన పాపం లారీ ఖాతాలో పడింది. అది నాకు నచ్చలేదు.

నిలబడటం గురించి మీరు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. అంటే సినిమా వచ్చిన 11 ఏళ్లకు తమిళనాడులో కుర్చీ వచ్చింది.

కోఠి కుర్రాడు:
మేడమ్, వాళ్లు ఆ రాత్రి పేవ్‌మెంట్ మీద ఎందుకు పడుకున్నారు? షాపు వాళ్లు గెంటేశారు కాబట్టి. ఉద్యోగంతో పాటు పడుకునే చోటూ పోయింది, ఆ హాస్టలూ షాపుదే. లారీ ఊరికే రాలేదు. కాకపోతే సంగీతం, స్లో మోషన్ ఎక్కువయ్యాయి, అది ఒప్పుకుంటా.

జగిత్యాల జనార్ధన్:
అన్నలూ, అసలు టైటిల్ సంగతి ఎవరూ మాట్లాడరేం? ‘అంగాడి తెరు’ అంటే అంగడి వీధి. మా దిక్కు అంగడి అంటే వారానికోసారి జరిగే సంత, ఆ పేరు పెట్టి ఉంటే ఎడ్ల బేరం సినిమా అనుకునేవాళ్లం. ‘షాపింగ్ మాల్’ అని పెట్టినోడు తెలివైనోడు. ఇంగ్లిష్‌లో మాల్ అంటే వంద షాపులు ఒక కప్పు కింద ఉండాలె. మన దగ్గర నాలుగంతస్తుల చీరల దుకాణం ఒక్కటే ఉన్నా బోర్డు మీద ‘షాపింగ్ మాల్’ అనే రాస్తారు. సినిమాలో ఉన్నది సరిగ్గా అదే.

ఇంకో ముచ్చట. మన తెలుగులో ఏవి? వంశీ ‘లేడీస్ టైలర్’ (1986) ఉంది, టేపు పట్టుకున్న రాజేంద్రప్రసాద్‌ను ఎవరు మర్చిపోతారు, కానీ అక్కడ కుట్టు మిషన్ కంటే పుట్టుమచ్చ మీదే ధ్యాస. ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’ (2020) గుంటూరు టిఫిన్ హోటల్, బొంబాయి చట్నీ. అది నాకు ఇష్టం, హోటల్‌ని షాపంటే ఒప్పుకుంటారా మరి? బేగంబజార్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఉద్దెర లెక్కలతో కథ చెప్పిన తెలుగు సినిమా ఒక్కటి చెప్పండి. ఎదురుచూస్తుంటా.

సెకండ్ షో:
బేగంబజార్‌కి జవాబు నా దగ్గర లేదు గానీ, కౌంటర్ వైపు నుంచే నవ్వించింది ఒకటుంది: కెవిన్ స్మిత్ ‘క్లర్క్స్’ (1994). న్యూజెర్సీలో తాను పగలు పనిచేసే కిరాణా షాపులోనే రాత్రిళ్లు తీశాడు, ఖర్చు 27 వేల డాలర్ల చిల్లర. కథ జరిగేది పగలు, బయట చీకటి కనపడకూడదుగా, అందుకని కథలోనే షట్టర్ తాళంలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారని, అది తెరుచుకోదని పెట్టాడు. షాపులో పనిచేసినవాడికే వచ్చే ఐడియా అది.

బ్లాక్ అండ్ వైట్ బాబాయ్:
ఇదీ బ్లాక్ అండ్ వైటే. నా లిస్టులోకి వచ్చేసింది.

కోఠి కుర్రాడు:
తాళంలో గమ్ విషయం చదివి గట్టిగా నవ్వాను. మా షాపులోనూ ఒకసారి పొద్దున్నే షట్టర్ ఇరుక్కుపోయింది. మెకానిక్ వచ్చేదాకా నలభై నిమిషాలు అందరం బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆ రెండేళ్లలో డ్యూటీ టైమ్‌లో కూర్చున్నది అదొక్కసారే. ఈ ఆదివారం ‘క్లర్క్స్’ పెడతానని బావమరిదికి చెప్పాను. “ఫైట్లు ఉన్నాయా” అని అడిగాడు.