అప్‌డేట్: పర్యావరణం అనగానే పిల్లలు నినాదం చెప్పి ఊరుకుంటున్నారన్న సమస్య తీరింది

కిందటి నెల అడిగింది నేనే. తొమ్మిది, పదేళ్ల పిల్లలతో తత్త్వచర్చ పెడుతుంటే మిగతా విషయాల మీద బాగానే వాదించుకునేవారు. "చెట్లు ఎందుకు కొట్టకూడదు?" అంటే మాత్రం "ఆక్సిజన్ ఇస్తాయి" అని అందరూ ఒకే పాట. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది ఒక్కటే: ప్రశ్న నేను వేయడం మానేశాను. పిల్లలతో తత్త్వచర్చకని 1970లలో మాథ్యూ లిప్‌మన్ అనే అమెరికా తత్త్వవేత్త తెచ్చిన పద్ధతిలో ప్రశ్నలు పిల్లలవే అని మీలో ఒకరు గుర్తుచేశారు. నేను మొదటి మెట్టే ఎగ్గొట్టానన్నమాట. ఈసారి ఒక ఎండుకొమ్మ మధ్యలో పెట్టి, ప్రశ్నలు మీరే రాయండి, చేతులెత్తి ఒకటి ఎంచుకోండి అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని పాప ప్రశ్న గెలిచింది: "భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలి, చచ్చిపోయే ముందు చివరి చెట్టు కొట్టేస్తే తప్పా?"

ఆక్సిజన్ జవాబు అక్కడ చెల్లలేదు. "చూసేవాళ్లే లేరుగా" అని ఒకడు, "చెట్టు ఉందిగా" అని ఇంకొకడు. "దానికి తెలుస్తుందా?" దగ్గర పడ్డ ముడి గంట కొట్టేదాకా వీడలేదు. 1973లో రిచర్డ్ రౌట్లీ అనే తత్త్వవేత్త వేసిన 'చివరి మనిషి' ప్రశ్న దాదాపు ఇదే. ఆ పాపకు ఆయనెవరో తెలీదు!

గుండ్రంగా కూర్చోబెట్టడం, మాట్లాడేవాళ్ల చేతికి బంతి ఇవ్వడం వల్ల తేడా ఏమీ కనబడలేదు. కాలుష్యం వీడియో అయితే ఎదురుతన్నింది, మళ్లీ నినాదాలే. వయసు చాలదేమోనన్న నా అనుమానమూ ఉత్తదే.

మధ్యలో "శభాష్" అనేస్తే చర్చ అక్కడే చచ్చిపోతోంది. నా నోరు కట్టుకోవడం మాత్రం ఇంకా చేతకావట్లేదు.