'నలుగురు ఏమంటరు' అంటాం కదా, ఆ నలుగురు ఎవరు?

చౌరస్తా (హనుమకొండ):
పెద్దలకు నమస్కారం. గ్రూప్-2 కోసం సమాజశాస్త్రం మొదటిసారి చదువుతున్నాను. డిగ్రీలో నాది బీకాం. నోట్సులో 'సామాజిక వాస్తవం వ్యక్తికి వెలుపల ఉండి వ్యక్తిని నిర్బంధించును' అని ఒక వాక్యం ఉంది. నోటికి వచ్చింది గానీ బుర్రకు ఎక్కలేదు. ఇంట్లో వినే రెండు మాటలు దీనికి దగ్గరగా ఉన్నాయేమో అనిపించి అడుగుతున్నాను. బతుకమ్మకు మా గల్లీ ఆడవాళ్లంతా ఒకే రంగు చీర కట్టుకుందాం అనుకున్నారు. మా నాయనమ్మకు ఆ రంగు నచ్చలేదు. అయినా 'నలుగురితోని నారాయణ' అని కొనుక్కుంది. మా అక్క పెళ్లి బరాత్‌కు డీజే వద్దు, ఆ డబ్బు బ్యాంకులో వేద్దాం అని నేనంటే మాత్రం 'నలుగురు ఏమంటరు' అంది. రెండు చోట్లా నలుగురు ఒక్కరేనా? అసలు నలుగురే ఎందుకు? ముగ్గురో అయిదుగురో ఎందుకు కారు?

పాకాల గాలి:
నలుగురంటే పాడె మోసేవాళ్లు తమ్ముడూ. మనిషి ఎంత ఎగిరినా చివరికి నలుగురు భుజం పట్టాల్సిందే. అందుకే నలుగురిని కాదనుకోవద్దంటారు.

పాత బడిపంతులు (పరకాల):
ఈ వివరణ వినడానికి బాగుంటుంది, అందుకే అందరూ చెబుతారు. నేను ఒప్పుకోను. 'నాలుగు రాళ్లు వెనకేసుకో', 'నాలుగు మెతుకులు తిని పో', 'నాలుగు మంచి మాటలు చెప్పు' అంటాం. వీటిలో పాడె ఎక్కడుంది? తెలుగులో నాలుగు చాలాచోట్ల లెక్క కాదు, 'కొన్ని' అని అర్థం. మనుషుల దగ్గరికి వచ్చేసరికి అదే నలుగురు అయింది. దాని పైమెట్టు పదిమంది. 'పదిమందిలో పరువు తీసిండు' అంటాం. 'పదుగురాడు మాట పాడియై ధర జెల్లు' అని వేమన పేర చెప్పుకునే పద్యంలోనూ వాళ్లే. ఆ పైన ఊరు, అన్నిటికన్నా పైన లోకం. లోకం దాకా పోయేసరికి భయం పోయి విసుగు మిగులుతుంది, 'లోకులు పలుగాకులు' అని కొట్టిపారేస్తాం. నలుగురిని మాత్రం ఎవరూ కాకులనరు. రేపు పొద్దున వాళ్ల ముఖమే చూడాలి కదా.

ఇక మీ రెండో ప్రశ్న. 'నలుగురితో' అన్నప్పుడు మనమూ ఆ గుంపులో ఉన్నాం. 'నలుగురు ఏమంటరు' అన్నప్పుడు వాళ్లు ఎదురుగా నిలబడ్డారు, మనం ఒక్కరమే ఇవతల మిగిలాం. మనుషులు వాళ్లే, మనం నిలబడ్డ చోటు వేరు.

ఓరుగల్లు మేడం:
పంతులుగారి చివరి మాట క్లాసులో చెప్పదగ్గది. నేను డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు సమాజశాస్త్రం చెప్పాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, భరించండి.

నీ నోట్సులోని భావం ఎమిల్ దుర్ఖేమ్‌ది. ఫ్రాన్స్ దేశస్థుడు, 1895లో ఈ సంగతి వివరంగా రాశాడు. భాష, డబ్బు, పెళ్లి పద్ధతి, ఇవన్నీ మనం పుట్టకముందే ఉన్నాయి, మన తర్వాతా ఉంటాయి. 'వెలుపల ఉండి' అంటే అదే. 'నిర్బంధించును' అన్నచోట పిల్లలు తడబడతారు, ఎందుకంటే మనల్ని ఎవరూ తాడేసి కట్టలేదు. ఆ బలం ఎదురు తిరిగినప్పుడే తెలుస్తుంది. డీజే పెట్టేవాళ్లకు తమను ఎవరో బలవంతం చేస్తున్నట్టు అనిపించదు. నువ్వు వద్దన్నావు చూడు, నలుగురు అప్పుడు ఊడిపడ్డారు. దుర్ఖేమ్ ఇచ్చిన ఉదాహరణల్లో బట్టలు కూడా ఉన్నాయి. నా దేశంలో, నా వర్గంలో ఉన్న వాడుకను పట్టించుకోకుండా బట్టలు వేసుకుంటే జనం నవ్వుతారు, దూరం పెడతారు, అది మెత్తటి శిక్షే అంటాడు. మన దగ్గర 'నలుగురు నవ్వుతరు' అనేది ఆ మెత్తటి శిక్ష గురించే.

అయితే నలుగురు అనే మాటకు సరిగ్గా అతికేది దుర్ఖేమ్ కన్నా అమెరికావాడు జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఆలోచన. చిన్నపిల్ల ముందు 'అమ్మ తిడతది' అంటుంది, తర్వాత 'సారు కొడతడు' అంటుంది. వాళ్లకు ముఖాలున్నాయి. పెద్దయ్యాక 'నలుగురు' అంటుంది, వాళ్లకు ముఖాల్లేవు. ఎవరో చెప్పమంటే చెప్పలేదు. ఆ ముఖం లేనివాళ్లను మనసులో కూర్చోబెట్టుకోవడమే సమాజంలో మనిషి కావడం అన్నాడాయన. దానికి ఆయన పెట్టిన పేరు 'జనరలైజ్డ్ అదర్'. నేను క్లాసులో నలుగురు అనే చెప్పేదాన్ని. ఎవరూ మళ్లీ చెప్పమనలేదు.

ఒక సలహా. పరీక్షలో చీర, డీజే ఉదాహరణలు రాయకు. వాటి వెనక అంగడి ఉంది, రీల్స్ ఉన్నాయి. ఇది సమాజం పని కాదు, వ్యాపారం పని అని ఎవరైనా అడ్డం తిరగొచ్చు. పేర్లు తీసుకో. బిడ్డకు పేరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు, ఫలానా పేరే పెట్టండని ఏ కంపెనీ హోర్డింగు పెట్టదు. అయినా పేర్లలో ఫ్యాషన్ మారుతూనే ఉంటుంది. స్టాన్లీ లీబర్‌సన్ అనే అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు పేర్లను ఎంచుకుని పరిశోధించింది సరిగ్గా ఈ కారణానికే. అంగడిని పక్కన పెడితే ఏం మిగులుతుందో అక్కడ కనిపిస్తుంది.

మన జిల్లాలే చూడు. ఐలోని (ఐనవోలు) మల్లన్న పేర ఐలయ్య, ఐలమ్మ. కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య. ఓదెల మల్లన్న పేర ఓదెలు. మేడారం తల్లుల పేర సమ్మయ్య, సమ్మక్క, సారయ్య. వేములవాడ రాజన్నకు మొక్కుకుంటే రాజయ్య, కొండగట్టుకైతే అంజయ్య. పేరు వింటే ఆ ఇంటివాళ్లు ఏ జాతరకు బండి కట్టేవాళ్లో తెలిసేది. తర్వాతి తరంలో రమేశ్, సురేశ్, రాజేశ్ వచ్చారు. ఇప్పుడు సహస్ర, శ్రీనిక, రిత్విక్, అద్విత. మేడారం పోవడం ఎవరూ మానలేదు, రెండేళ్లకోసారి జనం ఇంకా పెరుగుతున్నారు. ఎత్తుబంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, తూగుతుంది, పేరు మాత్రం పెట్టరు. భక్తి తగ్గి పేర్లు మారాయి అనే వాదన ఇక్కడ నిలవదు.

మన దేశపు సమాజశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్.శ్రీనివాస్ 1952లో కర్ణాటకలోని కూర్గు జనం మీద రాసినదాంట్లో సంస్కృతీకరణ అనే మాట ఉంది. కింద ఉన్నారనిపించుకున్న కులాలవాళ్లు పై కులాల ఆచారాలు పట్టి మెట్టు ఎక్కాలని చూస్తారు అని. పోచయ్య కొడుకు రమేశ్ కావడంలో అది కొంత ఉంది. అంతా అదే అంటే మాత్రం తప్పు. రామయ్య, సీతమ్మ సంస్కృతం పేర్లే, వాటినీ వదిలేశారు కదా. ఇక్కడ జర్మనీవాడు గేఆర్గ్ జిమ్మెల్ అక్కరకొస్తాడు. ఫ్యాషన్‌లో రెండు కోరికలు కలిసి ఉంటాయన్నాడు, పక్కవాళ్లలా ఉండాలని ఒకటి, పక్కవాళ్లలా ఉండకూడదని ఒకటి. కింద ఉన్నవాళ్లు అందుకోగానే పైవాళ్లు దాన్ని వదిలి ఇంకోటి పడతారు. వీధికి ముగ్గురు రమేశ్‌లు అయ్యాక ఆ పేరు వెలిసిపోయింది.

కాజీపేట జంక్షన్:
మేడం, పేర్లకూ అంగడి వచ్చిందండీ. న్యూమరాలజీ అని అక్షరానికి అక్షరం కలిపి డబ్బు తీసుకుంటున్నారు. ఫోన్‌లో పేర్ల యాప్‌లు వేరే.

ఓరుగల్లు మేడం:
నిజమే. కానీ వాళ్లు స్పెల్లింగు మారుస్తున్నారు, మొదటి అక్షరం పంచాంగం చెబుతోంది. ఆ అక్షరంతో వందల పేర్లు ఉంటే అందరూ ఆ నాలుగింటి దగ్గరే ఎందుకు ఆగుతున్నారు? దానికి ఎవరికీ ఫీజు కట్టలేదు కదా.

గోరింట:
ఒక మాట. ఈ నలుగురు అందరి ఇళ్లకూ ఒకేలా రారు. మా తమ్ముడు చెవికి పోగు పెట్టుకుంటే 'గీ కాలం పోరగాళ్లు గిట్లనే ఉంటరు' అన్నారు. నేను జుట్టు కత్తిరించుకుంటే 'నలుగురు ఏమంటరు' అన్నారు. మగపిల్లలను కాలం వెనకేసుకొస్తుంది, ఆడపిల్లలకు నలుగురు అడ్డొస్తారు.

పాత బడిపంతులు:
అమ్మా, ఇది ఏ నిఘంటువులోనూ రాయలేదు. రాయాలి. 'కాలం మారింది' అన్నప్పుడు తప్పు ఎవరి మీదా పడదు. 'నలుగురు' అన్నప్పుడు సంజాయిషీ చెప్పాల్సింది ఎదుటి మనిషే.

ఓరుగల్లు మేడం:
గోరింట చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా గట్టి పాయింటు, నేనే ముందు రాయాల్సింది. నలుగురు అనే మాట వినగానే సమాజశాస్త్రం చదివినవాళ్లు అడగాల్సింది 'ఎవరి నలుగురు' అని. కులం సంఘంలో నలుగురు వేరు, హైదరాబాద్ హాస్టల్లో నలుగురు వేరు. ఎవరి కళ్లతో మనల్ని మనం కొలుచుకుంటామో ఆ గుంపుకు రిఫరెన్స్ గ్రూప్ అని పేరు. హాస్టల్‌కు పోయిన పిల్ల దసరాకు వచ్చి వేరే రకం బట్టలు కట్టిందంటే ఆమె నలుగురిని వదిలేసిందని కాదు, నలుగురిని మార్చుకుంది.

చౌరస్తా:
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడు ఆ వాక్యం నా సొంత మాటల్లో రాయగలను. మేడం, పేర్ల ఉదాహరణకు మన దగ్గరి ఆధారం ఏదైనా దొరుకుతుందా? ఊరికే నోటిమాటగా రాయాలంటే కొంచెం టెన్షన్.

ఓరుగల్లు మేడం:
మీ బూత్ ఓటరు జాబితా తియ్యి. పేరు, వయసు రెండూ ఉంటాయి. డెబ్బై దాటినవాళ్లవి ఒక కాగితం మీద, ముప్పై లోపువాళ్లవి ఒక కాగితం మీద రాసుకో. ఒక్క బూత్‌తో తెలంగాణ అంతా ఇంతే అని మాత్రం రాయకు.

పాత బడిపంతులు:
తండ్రి పేరు కూడా ఉంటుంది, దాన్ని వదలొద్దు. ఒకే గడిలో రెండు తరాలు దొరుకుతాయి. పెళ్లయిన ఆడవాళ్లకు భర్త పేరు ఉంటుంది, వాళ్ల లెక్క వేరే వేసుకో.