అప్‌డేట్: మళ్లీ బొమ్మలు వేస్తున్నాను

క్యాన్సర్‌కి ఇచ్చిన కీమో మందుల వల్ల వేళ్లు మొద్దుబారాయి, బ్రష్ చేతిలో నిలవట్లేదు, మళ్లీ బొమ్మలు వేయగలనా అని అడిగాను కదా. వేస్తున్నాను! మీరు చెప్పినట్టు బ్రష్‌కి స్పాంజి గొట్టం తొడిగితే పట్టు దొరికింది. సన్నని గీతలు ఇంకా రావట్లేదు. అందుకే నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకునే స్ప్రింగ్ కత్తెరతో రంగు కాగితాలు కత్తిరించి అతికిస్తున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ కూడా 1941లో క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, మంచం మీద, చక్రాల కుర్చీలో ఉండి ఇలాగే గొప్ప బొమ్మలు చేశాడట. అది తెలిశాక ఎంత ధైర్యం వచ్చిందో!

స్కాన్ అంటే టెన్షన్ పోలేదు. కానీ మొన్న నా ఆపరేషన్ మచ్చనే బొమ్మగా చేశాను. అందరూ పేషెంట్‌గానే పలకరిస్తున్న ఈ రోజుల్లో, అక్క అది చూసి "ఈ ఎరుపెందుకు పెట్టావ్?" అంది. చాలాసేపు రంగుల గురించే మాట్లాడుకున్నాం. తర్వాతి బొమ్మకి ఇంకా పెద్ద అట్ట కావాలి.