నేల మీద 4డీ సర్వే: కార్బన్ డయాక్సైడ్ కంటే రొదే ఎక్కువ కనిపిస్తోంది
(ఇసుకరాయి, తరంగం, ఉప్పునీరు: చర్చలో పాల్గొన్నవారి పేర్లు)

ఇసుకరాయి:
కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ)ని భూమిలోకి ఎక్కించి దాస్తున్నాం. అదెక్కడుందో చూడ్డానికి ఒకేచోట 3డీ సీస్మిక్ సర్వేను (నేలలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చేవాటిని నమోదు చేయడం) కొంతకాలం తర్వాత మళ్లీ చేశాం, 4డీ అంటే ఇదే. దాచే పొర (రిజర్వాయర్) 1,500 మీటర్ల లోతున ఉప్పునీటి ఇసుకరాయి, మందం 20 మీటర్లు, పైన షేల్ (సన్నటి బురదరాయి) మూత. బేస్‌లైన్ (ఎక్కించకముందరి) 3డీ సర్వే నడివేసవిలో జరిగింది. 40 వేల టన్నులు ఎక్కించాక రెండో సర్వే, వానలు వెలిసిన వెంటనే. లాగ్‌ల (బావిలో తీసిన కొలతల) ప్రకారం పొరలో పీ-తరంగ (రాతిని నొక్కుతూ సాగే తరంగం) వేగం సెకనుకు 2,800 నుంచి 2,600 మీటర్లకు తగ్గాలి. డామినెంట్ ఫ్రీక్వెన్సీ 40 హెర్ట్జ్. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే, రిజర్వాయర్‌కి పైన అసలేమీ మారకూడని విండోలోనే (రికార్డులో ఎంచుకున్న కాలపు ముక్క) ఎన్‌ఆర్‌ఎంఎస్ (రెండు సర్వేల మధ్య తేడాకు కొలత, సున్నా అయితే రెండూ ఒకటే) 55 శాతం ఉంది. ఈ డేటా పనికొస్తుందా? పనికొస్తే లోపల ఎన్ని టన్నులున్నాయో చెప్పగలమా?

తరంగం:
ముందు ఆ వానల సంగతి చూడండి. పొడి మన్నులో వేగం సెకనుకు 600 మీటర్లు, నీరు నిండితే 1,700 అనుకుందాం. నీటిమట్టం ఒక్క మీటరు పైకొస్తే తరంగం దిగేటప్పుడు 1.1, ఎక్కేటప్పుడు మరో 1.1 మిల్లీసెకన్లు మిగులుతాయి. అంటే 2.2 మిల్లీసెకన్లు ముందే చేరుతుంది. 200 × సైన్ (పై × ఫ్రీక్వెన్సీ × జరుగుబాటు) అని లెక్కేస్తే, 40 హెర్ట్జ్ దగ్గర ఈ జరుగుబాటు ఒక్కటే ఎన్‌ఆర్‌ఎంఎస్‌ని 55కి తెస్తుంది. వేరే రొదే అక్కర్లేదు!

ఇక మీరు వెతుకుతున్నదెంత? 20 మీటర్ల పొరలో వేగం 2,800 నుంచి 2,600కి పడితే రానూపోనూ ఆలస్యం 1.1 మిల్లీసెకన్లు. నీటిమట్టం చేసిన మార్పులో సగం.

అయినా రెండిటినీ విడదీయొచ్చు. పైమన్ను తెచ్చిన జరుగుబాటు ఆ ట్రేస్ (ఒక రిసీవర్ నమోదు చేసిన రికార్డు)లోని పరావర్తనాలన్నిటికీ దాదాపు ఒకేలా ఉంటుంది. సీఓటూ తెచ్చిన ఆలస్యం రిజర్వాయర్‌లోనూ దాని కిందా మాత్రమే ఉంటుంది. రెండు సర్వేలనూ ఒకే దఫాలో, షాట్‌కీ (తరంగం పుట్టించే చోటు) రిసీవర్‌కీ విడివిడిగా స్టాటిక్స్ (పైమన్ను తెచ్చిన జరుగుబాటుకు సవరణలు) తేల్చేలా మళ్లీ ప్రాసెస్ చేయించండి. స్టాక్ (ట్రేస్‌లను కలిపేయడం) అయ్యాక సరిచేద్దామనుకుంటే ఆలస్యమైనట్టే: ఒక్కో ట్రేస్ ఒక్కోలా జరిగి ఉంటుంది కాబట్టి, కలిపేటప్పుడే పై ఫ్రీక్వెన్సీలు పోతాయి. షాట్, రిసీవర్ స్థానాలు సరిపోలని జతలను మొహమాటం లేకుండా తీసేయండి, ఫోల్డ్ (ఒక్కో చోట కలిపే ట్రేస్‌ల సంఖ్య) తగ్గినా సరే.

మ్యాచింగ్ ఫిల్టర్ (ఒక సర్వేను రెండోదానితో సరిపోలేలా మార్చేది) విండో పూర్తిగా రిజర్వాయర్‌కి పైనే ఉండాలి. కాస్త కిందికి జారినా ఆ ఫిల్టర్ సీఓటూ సిగ్నల్‌నే తినేస్తుంది. తేడా మ్యాప్ ముచ్చటగా శుభ్రంగా వస్తే నేను మొదట అనుమానించేది దీన్నే. శాంపిలింగ్ 2 మిల్లీసెకన్లే అయినా బెంగలేదు, క్రాస్-కోరిలేషన్ (ఎంత జరిపితే రెండు ట్రేస్‌లు సరిపోలతాయో చూసే లెక్క) శిఖరానికి పారాబోలా సరిపెడితే అంతకంటే చిన్న జరుగుబాటు కూడా దొరుకుతుంది.

ముందుముందు కూడా సర్వేలు ఉంటే జియోఫోన్లను (నేల కంపాన్ని పట్టే పరికరాలు) నీటిమట్టానికి దిగువన పాతేయడం మేలు. కెనడాలోని అక్విస్టోర్ సీఓటూ నిల్వ ప్రాజెక్టులో 600కి పైగా జియోఫోన్లను సుమారు 20 మీటర్ల లోతున పాతింది ఇందుకే.

ఉప్పునీరు:
టన్నుల ప్రశ్నకు: సీస్మిక్ "ఎక్కడ" అన్నది చెప్పినంత బాగా "ఎంత" అన్నది చెప్పదు. సీఓటూ, ఉప్పునీరు సన్నగా కలిసిపోతే గ్యాస్‌మన్ లెక్కలో (రాతి రంధ్రాల్లో ఏముందో దాన్నిబట్టి వేగం చెప్పే సూత్రం) మొదటి 10-20 శాతానికే వేగం పడాల్సినంతా పడిపోతుంది. ఆపైన 30 శాతం ఉన్నా 70 ఉన్నా రేఖ దాదాపు చదునే. అదే మచ్చలు మచ్చలుగా ఉంటే వేగం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఒకే వేగానికి రెండు భిన్నమైన జవాబులు! కాబట్టి ఒక్క అంకె కాదు, రెండు హద్దులూ ఇవ్వండి.

మీ 40 వేల టన్నులకు ఓ చిన్న లెక్క. సీఓటూ సాంద్రత ఘనమీటరుకు 650 కిలోలు, పోరాసిటీ (రాతిలో ఖాళీల వాటా) 20 శాతం, ఆ ఖాళీల్లో సీఓటూ వాటా 50 శాతం, మందమంతా నిండితే, ప్లూమ్ (సీఓటూ వ్యాపించిన మేర) వ్యాసార్ధం సుమారు 100 మీటర్లు. 25 మీటర్ల బిన్‌లలో (సర్వే గడుల్లో) అడ్డంగా ఎనిమిది. కానీ సీఓటూ ఉప్పునీటికంటే తేలిక, మూత కింద పల్చగా పరుచుకుంటుంది. 5 మీటర్ల పొరగా పరుచుకుంటే వ్యాసార్ధం రెట్టింపవుతుంది, ఆలస్యం మాత్రం 0.3 మిల్లీసెకన్ల లోపుకి పడిపోతుంది. అంచుల దగ్గర "ఏమీ లేదు" అని రాసే ముందు ఇది గుర్తుంచుకోండి.

నార్వే స్లైప్నర్ సీఓటూ నిల్వ చిత్రాలతో పోల్చుకుని దిగులుపడొద్దు. అక్కడ 1994లో బేస్‌లైన్, 1996లో ఇంజెక్షన్ మొదలు, 1999లో రెండో సర్వే. సముద్రం మీద సర్వే, అదీ గట్టిపడని ఇసుక, ఏడాదికి దాదాపు పది లక్షల టన్నులు. అన్నీ కలిసొచ్చిన చోటు. అక్కడ కూడా సముద్రగర్భం మీద గ్రావిటీ కొలతలు తోడు తెచ్చుకున్నారు.

ఇసుకరాయి:
ధన్యవాదాలండీ. పర్యవేక్షణ బావిలో కేసింగ్ వెనక డీఏఎస్ ఫైబర్ (పొడవునా కంపాన్ని పసిగట్టే ఆప్టికల్ తీగ) ఉంది. మైక్రోసీస్మిక్‌కి (నేలలో పుట్టే చిన్న చిన్న కంపాలను పట్టడానికి) అదొక్కటీ సరిపోతుందా?

తరంగం:
వీఎస్‌పీకి (నేల మీద తరంగం పుట్టించి బావిలో నమోదు చేసే సర్వే) హాయిగా వాడుకోండి. మైక్రోసీస్మిక్‌కి అదొక్కటే అంటే చాలదు. ఫైబర్ తన పొడవు వెంట వచ్చే సాగుదలనే పసిగడుతుంది. పక్క నుంచి లంబంగా తగిలే పీ-తరంగం దానికి దాదాపు కనబడదు. పైగా ఒకే నిట్టనిలువు బావి అయితే లోతూ దూరమూ తెలుస్తాయి గానీ దిక్కు తెలియదు. కంపం బావి చుట్టూ ఓ వలయంలో ఎక్కడైనా పుట్టి ఉండొచ్చు. అందుకే కనీసం కొన్ని మూడు-కాంపొనెంట్ (మూడు దిశల్లో కొలిచే) జియోఫోన్లు, పైన నలుదిక్కులా స్టేషన్లు కావాలి.

టైమింగ్‌తో జాగ్రత్త. పీ వేగం సెకనుకు 3,500 మీటర్లు, ఎస్ (రాతిని అడ్డంగా ఊపే తరంగం) వేగం 2,000 అయితే, రెండూ చేరే సమయాల (ఎస్-పీ) తేడాలో 10 మిల్లీసెకన్ల తప్పు దూరంలో 47 మీటర్ల తప్పవుతుంది. కంపం మూతలోనా, రిజర్వాయర్‌లోనా, కింది గట్టిరాతిలోనా అన్నది తేలాలంటే ఆ మాత్రం తప్పు కూడా ఎక్కువే. అమెరికాలోని డెకేటర్‌లో 2011-14 మధ్య పది లక్షల టన్నులు ఎక్కించినప్పుడు చాలా చిన్న కంపాలు కిందనున్న బేస్‌మెంట్ రాతిలో వచ్చాయి. అవి ప్లూమ్ చేరిన జాడలు కావు. ఒత్తిడి సీఓటూకంటే ముందే, చాలా దూరం పోతుంది. అందుకని కంపాల మచ్చలను ప్లూమ్ మ్యాప్‌గా చదవకండి, ఇంజెక్షన్ ఒత్తిడి రికార్డును అదే గడియారంతో పక్కన పెట్టి చూడండి.