ఎండీఎస్ పేషెంట్‌కి ఎంసీవీ 68, హెచ్‌పీఎల్‌సీలో పేరు లేని పీక్: ఇది పుట్టుకతో వచ్చిన తలసీమియానేనా?

గుంటూరు_ల్యాబ్:
71 ఏళ్ల మగ పేషెంట్. బోన్‌మ్యారోలో ఎండీఎస్ (మజ్జ రక్తకణాల్ని సరిగా తయారుచేయలేని జబ్బు) అని తేలింది. మామూలుగా ఎండీఎస్‌లో ఎర్రకణాలు పెద్దవిగా ఉంటాయి కదా, ఈయనకేమో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 68, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 20, రెండూ తక్కువే. ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చూపేది) 410, తక్కువేం కాదు. హెచ్‌పీఎల్‌సీలో (హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసే టెస్టు) నిమిషం కూడా గడవకుండానే, హెచ్‌బీ-ఎఫ్ (శిశువుల హిమోగ్లోబిన్) కంటే ముందు, సన్నగా నిటారుగా ఒక పీక్ వచ్చింది. మిషన్ దానికి పేరు ఇవ్వలేదు. ఏ2 (ఇంకో రకం హిమోగ్లోబిన్) 1.4 శాతం, తక్కువే. హెచ్‌బీ-హెచ్ (ఆల్ఫా గొలుసులు చాలనప్పుడు తయారయ్యే హిమోగ్లోబిన్) ఏమోనని రెటిక్ (కొత్త ఎర్రకణాల) స్టెయిన్‌తో 20 నిమిషాలు ఉంచి స్లైడ్ చూశాం, ఏమీ కనపడలేదు. ఆల్ఫా తలసీమియా (ఆల్ఫా గొలుసులు తక్కువగా తయారయ్యే జబ్బు, ఎక్కువగా వంశపారంపర్యం) అని రాసి పిల్లల్ని కూడా టెస్టుకి రమ్మనాలా?

స్లైడ్_మాస్టారు:
రమ్మనొద్దు, ఆగండి. 20 నిమిషాలు రెటిక్‌లకి సరిపోతాయి గానీ హెచ్‌బీ-హెచ్‌కి చాలవు. బీటా గొలుసులు నాలుగు కలిసిన ఆ హిమోగ్లోబిన్‌ని రంగు ఆక్సిడైజ్ చేసి గడ్డకట్టించాలి, దానికి టైమ్ పడుతుంది. 1 శాతం బ్రిలియంట్ క్రెసిల్ బ్లూ రంగు, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులోని రక్తం సమపాళ్లలో కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే ప్లాస్మా కొంత తీసేసి కలపండి, లేకపోతే స్లైడ్ మీద కణాలే దొరకవు. పలచని ఫిల్మ్ తీసి ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడండి. కణం నిండా సమానంగా పరుచుకున్న లేత నీలి-ఆకుపచ్చ చుక్కలుంటే, గోల్ఫ్ బంతిలా కనిపిస్తే, అదే హెచ్‌బీ-హెచ్. రెటిక్‌లో వల ముదురు నీలంగా, చిక్కుపడ్డ దారంలా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి లెక్కపెట్టేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

శాంపిల్ అదే రోజుది కావాలి. హెచ్‌బీ-హెచ్ నిలకడ లేనిది. ఎండాకాలం రాత్రి బస్సులో హైదరాబాద్ పంపిన ట్యూబు మీద ఈ టెస్టు నమ్మకండి, విజయవాడలోనో గుంటూరులోనో అక్కడికక్కడే చేయించుకోండి.

బెజవాడ_జీన్స్:
మాస్టారు చెప్పినట్టు స్లైడ్ పాజిటివ్ వస్తే, ఇది పుట్టుకతో వచ్చిందా, ఎండీఎస్‌తో వచ్చిందా అన్న అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. వెదరాల్, హిగ్స్, గిబ్బన్స్ అనే పరిశోధకులు ఆక్స్‌ఫర్డ్‌లో ఏళ్ల తరబడి వెంటాడింది దీన్నే. ఏటీఆర్‌ఎక్స్ జీన్‌ని 1995లో పట్టుకున్నారు. అది పుట్టుకతోనే దెబ్బతింటే మగపిల్లలకి బుద్ధిమాంద్యంతో పాటు ఆల్ఫా తలసీమియా వస్తుంది. ఎండీఎస్‌లో అదే జీన్ మజ్జ కణాల్లో మాత్రమే దెబ్బతింటుందని 2003లో చూపించారు. ఆల్ఫా గ్లోబిన్ జీన్లు చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటిని పనిచేయించే మనిషి, అంటే ఏటీఆర్‌ఎక్స్, సెలవు పెట్టాడన్నమాట. జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగవాళ్లకి ఒక్కటే కాపీ. అందుకే ఈ కేసుల్లో ఎక్కువమంది పెద్ద వయసు మగవాళ్లే. కొద్దిమందిలో మాత్రం మజ్జ కణాల్లోనే ఆల్ఫా జీన్ల ముక్క ఊడిపోతుంది.

గ్యాప్-పీసీఆర్‌లో (జీన్ ముక్క ఊడిందేమో చూసే టెస్టు) 3.7 డిలీషన్ (ఒక ఆల్ఫా జీన్ పోవడం) ఒకటి కనపడితే అదే జవాబు అనుకోకండి. మన దగ్గర అది అరుదు కాదు, ఒక్కటే ఉంటే ఇంత హెచ్‌బీ-హెచ్ రాదు. పుట్టుకతో వచ్చే హెచ్‌బీ-హెచ్ జబ్బుకి సాధారణంగా నాలుగు ఆల్ఫా జీన్లలో మూడు పోవాలి. మైలాయిడ్ ప్యానెల్ (మజ్జ జబ్బులకి చేసే జీన్ల టెస్టు) పంపేముందు జాబితాలో ఏటీఆర్‌ఎక్స్ ఉందో లేదో చూడండి, అన్నిట్లోనూ ఉండదు.

గుంటూరు_ల్యాబ్:
తాజా శాంపిల్‌తో రెండు గంటలు పెట్టాం. గోల్ఫ్ బంతులు బాగానే ఉన్నాయి. వాళ్లబ్బాయి తెచ్చిన పాత రిపోర్టులో, 2016 నాటిది, ఎంసీవీ 91.

స్లైడ్_మాస్టారు:
ఆ 91 చాలు. పుట్టుకతో వచ్చిన హెచ్‌బీ-హెచ్ జబ్బుకి చిన్నప్పటి నుంచీ ఎంసీవీ తక్కువగానే ఉంటుంది. రిపోర్టులో "హెచ్‌బీ-హెచ్ ఇన్‌క్లూజన్లు ఉన్నాయి, 2016లో ఎంసీవీ మామూలు, ఎండీఎస్‌తో వచ్చిన ఆల్ఫా తలసీమియాకి అనుకూలం, ఏటీఆర్‌ఎక్స్ పరీక్ష సూచించడమైనది" అని రాయండి. పిల్లలకి టెస్టు అక్కర్లేదు.

బెజవాడ_జీన్స్:
రెండు జాగ్రత్తలు. రక్తం ఎక్కించి ఉంటే దాత కణాలు కలిసి పీక్ కుంచించుకుపోతుంది, ఎంసీవీ పైకి జరుగుతుంది. మళ్లీ చేస్తే తర్వాతి ఎక్కింపుకి ముందే శాంపిల్ తీయండి, చివరిసారి ఎక్కించిన తేదీ ఫారం మీద రాయండి. రెండోది ఐరన్ మాత్రలు. చిన్న కణాలు చూడగానే ఎవరో ఒకరు రాసిచ్చేస్తారు. ఫెరిటిన్ 410 ఉంది, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంత నిండిందో) కూడా చూడకుండా ఇవ్వొద్దని డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. ఎక్కింపులతో ఐరన్ ఎలాగూ పేరుకుంటూనే ఉంటుంది.